మీటరు ఎక్కడ బిగించారు? – క్లౌడ్ కంప్యూటింగ్ గురించి కొన్ని మాటలు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. పలువురు సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము. – సంపాదకవర్గం)



డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించీ మాట్లాడుకోవలసిన సభలో నాకు ‘క్లౌడ్ కంప్యూటింగ్’ అనే అంశం ఇచ్చారు కార్యదర్శిగారు. మేఘాల సంగతి చెప్పడానికి వాతావరణ శాఖవారిని పిలవాలి గాని, స్తంభాలూ సబ్ స్టేషన్లూ చూసుకున్న నన్నెందుకు పిలిచారండీ అని అడిగాను. “మన పిల్లలందరూ అదే పని చేస్తున్నామంటున్నారు, అదేమిటో మనకూ తెలియవద్దా?” అన్నారు. నిజమే. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, డల్లాస్‌లోనో ఉన్న మన వాళ్ళు ‘క్లౌడ్ మీద’ పనిచేస్తున్నామంటారు. పెళ్ళి చూపుల్లో కూడా ఈ మాట వినబడుతోంది. మనం తల ఊపి ఊరుకుంటున్నాం.

కాని పిల్లల ఉద్యోగం ఒక్కటే కారణమైతే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. మన ఫొటోలు, మన బ్యాంకు కాగితాలు, ఆసుపత్రి రిపోర్టులు అన్నీ మనకు తెలియకుండానే అక్కడికి చేరాయి. అవి ఎవరి అధీనంలో ఉన్నాయి, పోతే ఎవరిది పూచీ అన్నది మనం తెలుసుకోవలసిన విషయం. చదవడం మొదలుపెట్టాక నాకు అర్థమైందేమిటంటే, ఇది విద్యుచ్ఛక్తి శాఖలో పనిచేసినవాళ్ళకు ఏమంత కొత్త విషయం కాదు. అందుచేత మన భాషలోనే చెబుతాను.

ముందు పేరు సంగతి. ఆకాశంలో ఏమీ లేదు. టెలిఫోను ఇంజనీర్లు, కంప్యూటర్ నెట్‌వర్కులు గీసేవారు తమకు సంబంధం లేని అవతలి భాగాన్నంతా పటంలో ఒక మబ్బు బొమ్మ గీసి వదిలేసేవారు. ఇక్కడ లోపలికి వెళ్తుంది, అక్కడ బయటికి వస్తుంది, మధ్యలో ఏం జరుగుతుందో మనకు అనవసరం అని దాని భావం. మనం సింగిల్ లైన్ డయాగ్రంలో అవతలి గ్రిడ్డును ఒక చిన్న గుర్తుతో సరిపెట్టేవాళ్ళం చూడండి, అదే పద్ధతి. ఆ బొమ్మ పేరే నిలిచిపోయింది. అసలు వస్తువు నేల మీదే ఉంది. పెద్ద పెద్ద భవనాలలో, బీరువాల వంటి చట్రాలలో వరుసగా పేర్చిన వేలాది కంప్యూటర్లు. వాటికి కరెంటు కావాలి, చల్లదనం కావాలి, కాపలా కావాలి. దాన్నే డేటా సెంటర్ అంటారు.

అమెజాన్ సంస్థ ఇటువంటి కేంద్రాలను 2016లో ముంబాయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను ప్రారంభించింది. హైదరాబాదు కేంద్రం అంటే ఒకే భవనం కాదు. ఒకదానికొకటి దూరంగా, దేని సరఫరా దానికే ఉండే మూడు విభాగాలు. ఒకటి పడిపోయినా తక్కినవి నిలబడాలని ఈ ఏర్పాటు. రెండు సబ్ స్టేషన్ల నుంచి ఫీడర్లు తెచ్చుకునే పెద్దాసుపత్రి లాంటిదన్నమాట. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్ళలో సుమారు 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో గిగావాట్ స్థాయి కేంద్రాన్ని పెడతామని ప్రకటించింది. గిగావాట్ అంటే 1,000 మెగావాట్లు. మన నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 815.6 మెగావాట్లు. ఎనిమిది యూనిట్లూ ఒక్కసారి తిప్పినా ఆ లోడుకు చాలదు! ఈ మాట మా మనవడికి చెబితే నవ్వి ఊరుకున్నాడు గాని, ఇక్కడ కూర్చున్నవారికి ఆ అంకె బరువెంతో నేను చెప్పనక్కరలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. కరెంటు వచ్చిన కొత్తలో ప్రతి మిల్లూ తన డైనమో తానే పెట్టుకునేది. బాయిలరూ తనదే, దాన్ని చూసుకునే మనిషీ తనవాడే. తర్వాత చికాగోలో శామ్యూల్ ఇన్సల్ వంటి వారు ఒక సంగతి గమనించారు. ఫ్యాక్టరీకి పగలు లోడు, ట్రాములకు ఉదయం సాయంత్రం, ఇళ్ళకు చీకటి పడ్డాక. అందరి మాక్సిమం డిమాండూ ఒకే గంటలో రాదు. కనుక అందరి కోరికల మొత్తం కంటె చిన్న స్టేషనుతోనే అందరికీ సరఫరా చేయవచ్చు, చౌకగా ఇవ్వవచ్చు. మనం పరీక్షలకు చదివిన డైవర్సిటీ ఫ్యాక్టర్ ఇదే. మిల్లులవాళ్ళు డైనమోలు అమ్మేసి సర్వీసు కనెక్షన్లు తీసుకున్నారు.

కంప్యూటర్ల విషయంలో నిన్నమొన్నటి వరకు డైనమో యుగమే నడిచింది. ప్రతి ఆఫీసుకూ ఒక ఏసీ గది, అందులో మిషన్లు, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళడం మనందరికీ గుర్తే. నెలాఖరుకు బిల్లింగు రోజులలో ఆ మిషను ఊపిరాడక పనిచేసేది, తక్కిన రోజులలో దుమ్ము పట్టకుండా కూర్చునేది. కాని కొనడం మాత్రం ఆ నెలాఖరు లోడుకు సరిపోయేటట్టు కొనవలసిందే.

కంప్యూటర్ శక్తిని కూడా టెలిఫోను లాగా ఒక ప్రజోపయోగ సేవగా అందించే రోజు రావచ్చునని జాన్ మెకార్తీ అనే శాస్త్రజ్ఞుడు 1961లోనే అమెరికాలోని ఎం.ఐ.టి. శతజయంతి సభలలో చెప్పాడు. అది నిజం కావడానికి నలభై అయిదేళ్ళు పట్టింది. రెండు అడ్డంకులుండేవి. ఒకటి, లైను లేదు; అంటే ఇంటర్నెట్టు. రెండోది, ఒకే మిషన్ను పదిమంది ఒకరి ఊసు ఒకరికి తెలియకుండా వాడుకునే ఉపాయం. ఒక పెద్ద ఇంటిని నాలుగు పోర్షన్లు చేసి, ఎవరి గుమ్మం వారికి, ఎవరి తాళం వారికి ఇచ్చినట్లు, ఒక కంప్యూటర్‌ను అనేక కంప్యూటర్లుగా కనిపించేలా విభజించే సాఫ్ట్‌వేరు కావాలి. ఈ విద్య ఐ.బి.ఎం. వారికి 1972 నాటికే బాగా తెలుసు. చిన్న మిషన్లకు అది దిగి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఈ రెండూ కుదిరాక, పుస్తకాలు అమ్ముకునే కంపెనీగా పేరుపడిన అమెజాన్, 2006 మార్చిలో ఫైళ్ళు దాచుకునే చోటునూ, ఆగస్టులో కంప్యూటర్‌నూ అద్దెకివ్వడం మొదలుపెట్టింది. చోటుకు ఒక గిగాబైటుకు నెలకు 15 సెంట్లు, చిన్న మిషనుకు గంటకు 10 సెంట్లు. టెండరు లేదు, డిపాజిట్టు లేదు, ఎస్టిమేటు శాంక్షను అవసరం లేదు. గంట వాడితే గంటకే బిల్లు. 2008లో గూగుల్ తన పద్ధతిలో దిగింది. మైక్రోసాఫ్ట్ 2010లో పూర్తి స్థాయిలో వచ్చింది. ఆ కంపెనీలో క్లౌడ్ విభాగాన్ని నడిపిన మన హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరిలో మొత్తం కంపెనీకే అధిపతి అయ్యాడు. ఈ వ్యాపారానికి ఆ కంపెనీ ఎంత విలువ ఇచ్చిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అందరూ తమ సరుకును క్లౌడే అని అమ్ముకోవడం మొదలుపెట్టేసరికి, అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ‘నిస్ట్’ 2011 సెప్టెంబరులో ఒక నిర్వచనం ప్రకటించింది. దాని ప్రకారం క్లౌడ్‌కు అయిదు లక్షణాలు ఉండాలి. ఎవరినీ బతిమాలకుండా కావలసినప్పుడు తనంతట తాను తీసుకోగలగాలి. నెట్‌వర్కు ద్వారా ఎక్కడినుంచైనా అందాలి. సరంజామా అంతా ఉమ్మడి కుండలో ఉండాలి. లోడు పెరిగితే వెంటనే పెరిగి, తగ్గితే తగ్గాలి. వాడకాన్ని కొలిచే మీటరు ఉండాలి. పరీక్షా ఫలితాల రోజు సంగతే చూడండి. ఏడాది పొడవునా ఎవరూ తొంగిచూడని చోటికి ఒక ఉదయం లక్షల మంది వచ్చి పడతారు. ఆ ఒక్క పూటకు వంద మిషన్లు తీసుకుని సాయంత్రానికి వదిలేయడం సొంత ఏసీ గదితో అయ్యే పని కాదు.

క్లౌడ్ సేవలు మూడు రకాలని పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ మూడింటి పేర్లూ ఇంగ్లీషులో ఒకే మూసలో ఉండటంతో ఎంత చదివినా కలగాపులగం అవుతాయి. దీనికి మన దగ్గర ఒక కీలకం ఉంది. మీటరు దాకా డిపార్ట్‌మెంటుది, మీటరు దాటాక వినియోగదారుడిది. ఈ ఒక్క వాక్యం చెప్పి మనం ఎన్ని తగాదాలు తీర్చామో లెక్కలేదు. క్లౌడ్ రకాలలో తేడా అంతా ఆ మీటరు ఎక్కడ బిగించారన్నదే.

మొదటిది ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ యాజ్ ఎ సర్వీస్, పొట్టిగా ఐయాస్. ఇది హెచ్.టి. వినియోగదారుడి వంటిది. మనం 11 కె.వి. ఇచ్చి పక్కకు తప్పుకుంటాం. ట్రాన్స్‌ఫార్మరు అతనిది, ఆయిలు వడపోయించుకోవలసింది అతను, రిలేలు సరిచూసుకోవలసింది అతను. లోపల కాలిపోతే మనకు ఫోను చేసి ప్రయోజనం లేదు. ఐయాస్‌లో కంపెనీ ఇచ్చేది ఉత్త మిషను, కొంత చోటు, ఒక లైను. దాని మీద ఆపరేటింగ్ సిస్టం సంరక్షణ, ఎప్పటికప్పుడు వేయవలసిన భద్రతా సవరణలు, డేటాబేసు, ప్రోగ్రాములు అన్నీ తీసుకున్నవాడివే. స్వేచ్ఛ ఎక్కువ, చాకిరీ ఎక్కువ. అమెజాన్ 2006లో గంటకు 10 సెంట్లకిచ్చింది ఈ రకమే. ఇందులో పొలం మోటారు కట్టేయడం మరిచినట్లు మిషను ఆపడం మరిచిపోతే మీటరు తిరుగుతూనే ఉంటుంది. కుర్రాళ్ళు నెలాఖరున బిల్లు చూసి గుండె పట్టుకునేది అందుకే.

రెండోది ప్లాట్‌ఫాం యాజ్ ఎ సర్వీస్, అనగా పాస్. ఇది ఎల్.టి. సర్వీసు. 230 వోల్టులకు దించి, సిద్ధం చేసి గుమ్మం దాకా తెచ్చి ఇస్తాం. వినియోగదారుడు ట్రాన్స్‌ఫార్మరు ముఖం చూడనక్కరలేదు. తన గ్రైండరు తాను తెచ్చుకుని ప్లగ్గు పెట్టుకోవడమే. అలాగే పాస్‌లో ఆపరేటింగ్ సిస్టం, డేటాబేసు వగైరా కంపెనీవాళ్ళే నిభాయిస్తారు. ప్రోగ్రాము రాసేవాడు తన ప్రోగ్రాము తెచ్చి అక్కడ పెడతాడు. గూగుల్ 2008లో మొదలుపెట్టిన యాప్ ఇంజన్ ఇటువంటిది. ఒక చిక్కుంది. మన 230 వోల్టులు ఎవరి గ్రైండరుకైనా పనికొస్తాయి. వీళ్ళలో ఒక్కొక్కరి ప్లగ్గు ఒక్కొక్క ఆకారం. ఒకరి దగ్గర రాసిన ప్రోగ్రామును ఇంకొకరి దగ్గరికి తీసుకువెళ్ళాలంటే కొంత తిరగరాయక తప్పదు. ఎక్కేటప్పుడు తేలిక, దిగేటప్పుడు కష్టం.

మూడోది సాఫ్ట్‌వేర్ యాజ్ ఎ సర్వీస్, శాస్. ఇది లాడ్జి గది. స్విచ్చి వేస్తే ఫ్యాను తిరుగుతుంది. మీటరు ఎక్కడుందో, ఫ్యాను ఎవరు కొన్నారో మనకక్కరలేదు. మనవి రెండే వస్తువులు: సామాను, తాళంచెవి. ఈ మెయిలు ఇందుకు మంచి ఉదాహరణ. సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనే ఇద్దరు 1996 జులై 4న ప్రారంభించిన హాట్‌మెయిల్, ‘క్లౌడ్’ అనే పేరు వాడుకలోకి రాకముందే వచ్చిన శాస్. గూగుల్ మెయిలు 2004లో వచ్చింది. కంపెనీల అమ్మకాల లెక్కలు చూసే సేల్స్‌ఫోర్స్ 1999లో ఈ పద్ధతినే నమ్ముకుని పుట్టింది. మనం వాడేదంతా ఈ మూడో రకమే. ఫోనులో ఫొటో తీస్తే దానంతటదే ఎక్కడికో చేరడం, మనవరాలు అమెరికాలో పెట్టిన వీడియో ఇక్కడ తెరుచుకోవడం, అన్నీ ఇందులోవే.

ఇందులో గమనించవలసిందేమిటంటే, మీటరు ఎక్కడికి జరిగినా సామానూ తాళంచెవీ మూడు రకాలలోనూ వినియోగదారుడి వైపే ఉంటాయి. లోపల దాచింది ఏమిటి, దాన్ని ఎవరు తెరవగలరు, తెరిచే సంకేతపదం ఎవరి చేతిలో ఉంది అన్నది మన పూచీ. వాళ్ళు దీనికి ‘షేర్డ్ రెస్పాన్సిబిలిటీ’ అని గంభీరమైన పేరు పెట్టారు.

సొంతమా, ఉమ్మడా అన్న విభజన కూడా ఒకటుంది. అందరికీ అద్దెకిచ్చేది పబ్లిక్ క్లౌడ్. ఒకే సంస్థ తనకోసం పెట్టుకునేది ప్రైవేటు. మన క్యాప్టివ్ ప్లాంటు. ఒకే విధమైన అవసరాలున్న సంస్థలు కలిసి వాడుకునేది కమ్యూనిటీ, కలగలుపుగా వాడేది హైబ్రిడ్. భారత ప్రభుత్వం తన శాఖల కోసం 2014లో ‘మేఘరాజ్’ పేరుతో తన క్లౌడును ప్రారంభించింది. పేరు బాగుంది. లోడు సమంగా, నిలకడగా ఉన్నవాడికి అద్దె కంటె సొంతమే చౌక కావచ్చు. సిమెంటు ఫ్యాక్టరీలు క్యాప్టివ్ ప్లాంటు ఎందుకు వదులుకోవో మనకు తెలుసు. 37సిగ్నల్స్ అనే అమెరికా సాఫ్ట్‌వేరు కంపెనీ 2022లో సరిగ్గా ఈ లెక్కే వేసుకుని, క్లౌడ్ నుంచి బయటికి వచ్చి సొంత మిషన్లు కొనుక్కుంటున్నామని ప్రకటించింది. కనుక క్లౌడ్ అంటే ఎల్లప్పుడూ చౌక అని ఎవరైనా అంటే లోడ్ ఫ్యాక్టర్ ఎంతో అడగండి.

ఇంతవరకు కరెంటు పోలిక చక్కగా సరిపోయింది. ఇక్కడినుంచి సరిపోదు. నాకు ముఖ్యమనిపించింది ఈ సరిపోని భాగమే. కరెంటు వాడేశాక మిగిలేదేమీ లేదు. నిన్నటి యూనిట్లు తిరిగి ఇమ్మని ఎవరూ అడగరు. ఈ డిస్కం కాకపోతే ఇంకొకరిచ్చినా దీపం అదే వెలుగు ఇస్తుంది. క్లౌడ్‌లో మనం తీసుకోవడమే కాదు, ఇచ్చి దాచుకుంటాం. పదేళ్ళ ఫొటోలు పోతే మరొక కంపెనీ దగ్గర కొనుక్కోలేం. ఇది బ్యాంకు లాకరుకు దగ్గర. కాని లాకరు విషయంలో మనం పుస్తకంలో సంతకం పెట్టాం, నామినీని రాశాం, చెవి ఎక్కడుందో ఇంట్లో చెప్పాం. దీనికి ఆ మూడింటిలో ఒక్కటీ చేయలేదు.

పెన్షనర్లం కాబట్టి ఒక పెన్షను నిధి కథ చెబుతాను. ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే సంస్థ ఉంది. ఆరు లక్షలకు పైగా సభ్యుల పదవీ విరమణ నిధులు, సుమారు 12,500 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు 2024లో దాని చేతిలో ఉండేవి. దాని కంప్యూటర్ వ్యవస్థ అప్పట్లో గూగుల్ క్లౌడ్‌లో ఉండేది. జాగ్రత్తగానే రెండు వేరు వేరు చోట్ల ప్రతులు పెట్టుకున్నారు. 2024 మే మొదట్లో ఆ వ్యవస్థ రెండు చోట్లా ఒక్కసారిగా మాయమైంది. ఎవరో దాడి చేసి కాదు. మొదట్లో దాన్ని ఏర్పాటు చేసిన గూగుల్ సిబ్బంది ఒక గడిని ఖాళీగా వదిలేశారట. ఖాళీ వదిలితే ఏడాది గడువు అని దాని లెక్క. గడువు తీరింది, వ్యవస్థ తనంతట తాను చెరిపేసింది! ఫారంలో ఒక కాలం నింపకపోతే ఏమవుతుందో మనకంటె ఎవరికి తెలుసు? వారం రోజుల పాటు సభ్యులు తమ ఖాతా చూసుకోలేకపోయారు. సొమ్ము పోలేదు. సంస్థవారు ముందుచూపుతో వేరొక కంపెనీ దగ్గర కూడా నకళ్ళు ఉంచుకోవడం కోలుకోవడానికి ఎంతో పనికొచ్చింది.

దక్షిణ కొరియా ప్రభుత్వోద్యోగులకు అటువంటి అదృష్టం లేకపోయింది. 2025 సెప్టెంబరు 26న దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకుని వందలాది ప్రభుత్వ సేవలు నిలిచిపోయాయి. చాలావరకు క్రమంగా తిరిగి వచ్చాయి. కాని ఉద్యోగులు తమ ఆఫీసు ఫైళ్ళు దాచుకునే ‘జి డ్రైవ్’ అనే ఉమ్మడి భాండాగారానికి బయట ఎక్కడా నకలు లేదు. 858 టెరాబైట్ల సమాచారం బూడిదైంది. కొన్ని శాఖలలో ఫైళ్ళు సొంత కంప్యూటర్లలో పెట్టుకోవద్దు, అందులోనే పెట్టండి అని ఆదేశాలున్నాయి. ఆదేశాన్ని తు.చ. తప్పకుండా పాటించినవారే ఎక్కువ నష్టపోయారు.

ఇవి పెద్ద సంస్థల కథలు. మన ఇళ్ళలో జరిగేది వేరు. మనతో పనిచేసిన ఒక మిత్రుడు కాలం చేశారు; వారి కుటుంబం అనుమతితో పేరు లేకుండా చెబుతున్నాను. పద్ధతైన మనిషి. పాలసీలు, డిపాజిట్ రసీదులు, ఆసుపత్రి బిల్లులు అన్నీ స్కాను చేసి తన మెయిలులో భద్రపరిచారు. తాళంచెవి ఆయన తలలోనే ఉంది. ఫోను తెరిచే అంకెలు ఎవరికీ తెలియవు. కొన్నాళ్ళకు రీచార్జి లేక ఆ నంబరు కూడా రద్దయింది, ఇక ఓ.టి.పి. వచ్చే దారి లేదు. కొడుకులిద్దరూ కంప్యూటర్ ఇంజనీర్లే. అయినా తాళం తీయలేకపోయారు. కంపెనీకి రాస్తే మరణ ధృవపత్రం పంపండి, అది పంపండి, ఇది పంపండి అంటూ నెలలు గడిచాయి. కంపెనీని తప్పు పట్టలేం. అడిగినవాడికల్లా తెరిచి ఇస్తే అది లాకరెలా అవుతుంది? చివరికి ఆవిడకు ఫ్యామిలీ పెన్షన్ వచ్చింది. ఎలాగంటే, పాత ట్రంకు పెట్టెలో పి.పి.ఓ. జిరాక్సు దొరికింది. డిపాజిట్లలో ఒకటి రెండు ఎక్కడున్నాయో ఇంకా వెతుకుతున్నారు.

ఈ చిక్కుకు కంపెనీలవాళ్ళు ఏర్పాట్లు పెట్టే ఉంచారు. చెప్పేవాళ్ళు లేరు. గూగుల్ ఖాతాలో 2013 నుంచి ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అనేది ఉంది. మన ఖాతా మూడు, ఆరు, పన్నెండు లేక పద్దెనిమిది నెలలు అలికిడి లేకుండా ఉంటే ఎవరికి తెలియజేయాలి, ఏమేమి వారికి అందజేయాలి అని ముందే రాసిపెట్టుకోవచ్చు. పదిమంది వరకు రాయవచ్చు. ఆపిల్ ఫోనులో 2021 డిసెంబరు నుంచి ‘లెగసీ కాంటాక్ట్’ పేరుతో ఇటువంటిదే ఉంది. అందులో మనం ఎంచుకున్నవారికి ఒక సంకేతం ఇస్తారు. ఆ సంకేతం, మరణ ధృవపత్రం చూపితే ఖాతా తెరుచుకుంటుంది. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన గూగుల్ ఖాతాను అందులోని సామానుతో సహా తీసివేసే హక్కు ఆ కంపెనీ ఉంచుకుంది. ఫొటోలకు లెక్కలేనంత చోటు ఉచితం అన్న పద్ధతి 2021 జూన్ 1తో ముగిసింది. ఇప్పుడు మెయిలూ ఫొటోలూ ఫైళ్ళూ అన్నీ కలిపి 15 గిగాబైట్లే ఉచితం. నిండిపోయిందని ఎర్ర గీత చూపించినా, మెయిళ్ళు రావడం మానేశాయని మీకెవరైనా చెప్పినా కారణం ఇదే అయి ఉండవచ్చు.

మన ప్రభుత్వం వారి డిజిలాకర్ 2015 జులైలో వచ్చింది. దానిలో రెండు గదులున్నాయి. ఒక దానిలోకి కాగితం ఇచ్చిన శాఖే నేరుగా పంపుతుంది. అది నియమాల ప్రకారం అసలుతో సమానం. రెండో దానిలో మనం స్కాను చేసి పెట్టుకునేది ఉత్త నకలు, జిరాక్సు విలువే. ఈ తేడా తెలియక కౌంటర్ల దగ్గర వాదనకు దిగుతున్నవారు ఉన్నారు. జీవన్ ప్రమాణ్ లైఫ్ సర్టిఫికెట్ 2014 నవంబరులో మొదలైంది. నవంబరు నెలలో బ్యాంకు మెట్లెక్కకుండా, ముఖం చూపించి పని ముగించుకుంటున్న మన సభ్యులు చాలామంది ఉన్నారు. కాగితం కదలదు, సర్టిఫికెట్ కేంద్ర భాండాగారంలో ఉంటుంది, పెన్షన్ ఇచ్చేవారు అక్కడ చూసుకుంటారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు ఇది వరమే. అంచేత ఈ పద్ధతులన్నీ వదిలేసి ట్రంకు పెట్టెకు తిరిగి పోదామని నేను అనడం లేదు. ట్రంకు పెట్టెను కూడా ఉంచుకోమంటున్నాను. ఫీడరు ఎంత మంచిదైనా ఆపరేషను థియేటరులో జనరేటరు తీసేయం కదా.

మరీ ముఖ్యమైన పది పన్నెండు కాగితాలున్నాయి: పి.పి.ఓ., సర్వీసు రిజిస్టరు నకలు, జాయింటు ఫొటో, పాలసీలు, డిపాజిట్లు, ఇంటి దస్తావేజు, వైద్య కార్డు. ఇవి క్లౌడ్‌లో ఒకటి, ఇంట్లో కాగితం మీద ఒకటి, పిల్లల్లో ఒకరి దగ్గర ఒకటి ఉండాలి. ఖాతాకు కట్టిన ఫోను నంబరు బతికి ఉండాలి. ఇది ఒక ఆదివారం పూట పని.

నా ప్రసంగం ఇంతే.  సభ్యులు అడిగిన ప్రశ్నలకు జవాబులు చెబుతాను.

ప్రశ్న: మన ఫొటోలు, ఉత్తరాలు ఆ కంపెనీవాళ్ళు చూస్తారా?

జవాబు: దారిలోను, భద్రపరిచిన చోటా సంకేత భాషలో ఉంచుతారు. కాని చాలా సేవలలో ఆ సంకేతం విప్పే చెవి కంపెనీ దగ్గర కూడా ఉంటుంది. కోర్టు ఆదేశిస్తే ఇవ్వవలసి రావచ్చు. లాడ్జి యజమాని దగ్గర రెండో తాళంచెవి ఉన్నట్లే. అలాగని భయపడనక్కరలేదు గాని, బ్యాంకు పిన్ నంబర్లు ఫొటో తీసి అందులో పెట్టకండి.

ప్రశ్న: ఇదంతా ఎందుకు, ఒక పెన్ డ్రైవులో వేసి బీరువాలో పెడితే చాలదా?

జవాబు: ఒక్కటే అయితే చాలదు. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి పడి ఉంటే అది కూడా చెడిపోవచ్చు. రెండు ఉంచి, ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలో ఒకసారి తెరిచి చూసుకోండి.

ప్రశ్న (ఒక సోదరి): మావారు ఫోను అంకెలు నాకు చెప్పరు. ఎలా?

జవాబు (నవ్వులు): చెప్పమని బలవంతపెట్టకండమ్మా. ఒక కాగితం మీద వారినే రాయమనండి, కవరులో పెట్టి అంటించి, సంతకం చేసి పి.పి.ఓ. ఉన్న ఫైలులోనే ఉంచమనండి. అంకెలు మార్చినప్పుడల్లా కవరు మార్చాలి. ఇనాక్టివ్ అకౌంటు ఏర్పాటు ఎలా చేసుకోవాలో తెలియనివారు వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం సంఘం కార్యాలయానికి ఫోనుతో రండి. మనవాళ్ళ పిల్లలు ఇద్దరు కూర్చుని చూపిస్తామన్నారు. నామినీగా రాయదలచినవారి మెయిలు చిరునామా రాసుకుని తెచ్చుకోవడం మరువకండి. అది లేకపోతే పని మధ్యలో ఆగిపోతుంది.